చిప్‌సెట్ మీద పెరుగు గిన్నె

పిచ్చమ్మ పెద్దమ్మ వంతు రోజు

ఈ ఊళ్ళో సోమవారం, మంగళవారం ఉండవు. ఒకప్పుడు ఉండేవట. భూమి నుంచి మొదటి ఓడలో వచ్చినవాళ్ళు లెక్క పెట్టేవాళ్ళట. సూర్యుడు ఆవగింజంత కనిపించే చోట, పొద్దు పొడవడానికీ కుంకడానికీ తేడా తెలియని చోట ఆ లెక్క ఎంతకాలం నిలుస్తుంది? ఇప్పుడు రోజుకు పేరు చెప్పాలంటే ఆ రోజు కంప్యూటర్ బోర్డు మీద ఎవరి పెరుగు గిన్నె ఉందో చెబుతారు. ఎప్పుడు పుట్టావురా అని పిల్లవాణ్ణి అడిగితే మీరావలి మేస్త్రి వాళ్ళ వంతు రోజు అంటాడు. నాకు ఇది చెప్పలేనంత రోత. కానీ తేదీ వేయకుండా రాయడం చేతకాదు కాబట్టి నేనూ అలాగే వేస్తున్నాను.

నా పేరు సలోమి. క్వారీలోకి గాలి పంపే మోటార్లను నడిపే గది నా పూచీ. ఆ గదిలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటర్, అందులో ఒకే ఒక్క మదర్‌బోర్డు. ప్రాసెసర్‌కి పెద్ద ఫ్యాన్ ఉంది, దాని గురించి నాకు బెంగ లేదు. నా బెంగంతా పక్కనున్న చిప్‌సెట్ గురించి. ప్రాసెసర్ చెప్పిన మాటను మోటార్లకు, పంపులకు, తలుపులకు మోసేది ఆ చిన్న చదరమే. దాని వేడి పోవడానికి పైన అగ్గిపెట్టెంత అల్యూమినియం రెక్కల ముక్కను అంటించి వదిలేశారు. ఆ ముక్క మీద ఒక నల్లరాయి పలక ఉంటుంది. పలక మీద పెరుగు గిన్నె ఉంటుంది.

నేను హాస్యమాడడం లేదు. మా ఇళ్ళల్లో చలి ఎప్పటికీ తగ్గదు. మెస్‌లో పొయ్యి వెలిగేది వంట అయ్యేదాకే. పాలపొడి కలిపి తోడు వేసి ఎక్కడ పెట్టినా అవి పాలలాగే ఉండి ఉండి చివరికి పాడైపోతాయి. పెరుగు తోడుకునేంత గోరువెచ్చగా, ఎప్పుడూ ఒకేలా ఉండే చోటు ఊరు మొత్తం మీద ఆ చిప్‌సెట్ ఒక్కటే. చీమకుర్తి నుంచి వచ్చిన రాతిపనివాళ్ళలో ఎవరో, తమ ఊరి గుర్తుగా తెచ్చుకున్న పలకను దాని మీద పెట్టి చూశారు. ఆ రోజు నుంచి ఇంటికో రోజు వంతు. పెళ్ళి సంబంధం మాట్లాడేటప్పుడు కూడా మీ వంతు ఎప్పుడొస్తుందని అడుగుతారు.

మా ఇంటికి వంతు లేదు. నేనే వద్దన్నాను. పెరుగు నాకు పుట్టినప్పటి నుంచీ పడదు. ఆ జిగట, ఆ పులుపు, గరిటె వేసినప్పుడు తెగే మీగడ, తలుచుకుంటేనే ముఖం తిప్పుకుంటాను. అన్నంలో పిసికి కలిపి, మోచేతి దాకా కారుతుంటే నాక్కునేవాళ్ళ పక్కన కూర్చోలేక మెస్‌లో తినడమే మానేశాను.

ఇవాళ గదిలోకి వెళ్ళేసరికి పిచ్చమ్మ పెద్దమ్మ గిన్నెలోంచి ఒలికిన పాలు పలక అంచున ఎండి చారికలు కట్టి ఉన్నాయి. బోర్డు పెట్టిన అల్మరా వెనక నుంచి పులిసిన కంపు. ఆ వెనక్కి నేను వెళ్ళను. అల్మరాకీ రాతిగోడకీ మధ్య జానెడు సందు, అందులోకి ఎన్నేళ్ళ పాలు కారాయో ఎవరికి తెలుసు. లోపలి వేడిని బయటికి నెట్టే చిన్న ఫ్యాన్ అటువైపే ఉంది. తలుపు దగ్గర నిలబడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, దాని చప్పుడు విన్నాను. తిరుగుతోంది. అంతవరకు చాలనుకుని వచ్చేశాను. గది తుడిచే పని ఎలాగూ మా అమ్మాయి ఎస్తేరు చేస్తుంది. నా వల్ల కాదని తెలిసి, క్వారీలో దిగే ముందు రోజూ తనే వచ్చి తుడిచి పోతుంది.

భోజనాల వేళకు బోర్డు ఆగిపోయింది. తెర మీద అంకెలు ఉన్నవి ఉన్నట్టే బిగుసుకుపోయాయి, మోటార్ల మోత తెగిపోయింది. ఆ మోత ఆగినప్పుడు ఊరంతా ఒక్కసారి తల ఎత్తుతుంది. స్విచ్ ఆపి వేసి బోర్డును మళ్ళీ లేపాను.

పైన ఉన్నవాళ్ళకు కాసేపు గాలి ఆగినా తెలియదు. దిగువ బెంచీలో అలా కాదు. క్వారీలో అన్నిటికంటే లోతైన మెట్టు అది. అక్కడ మోటారు ఆగిందంటే పీల్చుకోవడానికి మిగిలేది డ్రిల్లు దుమ్ము, రాతి నెర్రెల్లోంచి ఊరే గ్యాసు. అక్కడ పనిచేసే నలుగురిలో ఎస్తేరు ఒకతె. నాకున్నది తను ఒక్కతే.

సాయంత్రం దగ్గుకుంటూ ఇంటికి వచ్చింది. ఏమైందే అంటే, ఏం కాలేదులే అంది. బోర్డు ఆగే ముందు చిప్‌సెట్ వేడి ఎంతో తెర మీద చూశాను. చెయ్యి పెడితే బొబ్బ లేచేంత. ఇక ఊరుకోను. మూసేసిన ఎగువ బెంచీ గదిలో చచ్చిన బోర్డు ఒకటుంది. దాని చిప్‌సెట్ మీద రాగి రెక్కల దిమ్మె, దానికే బిగించిన ఫ్యాన్ ఉన్నాయి. వాటిని తెచ్చి ఇక్కడ బిగిస్తాను. గిన్నె పోవాలి.

మీరావలి మేస్త్రి వంతు రోజు

మెస్‌లో అందర్నీ కూర్చోబెట్టాను. భోజనాలు అప్పుడే అయ్యాయి కాబట్టి గిన్నెల అడుగులు వేలితో తుడిచి నాకుతున్న ముఖాలను చూస్తూ మాట్లాడాల్సి వచ్చింది.

ముందుగా పిచ్చమ్మ పెద్దమ్మ నోరు తెరిచింది. ఊళ్ళో అందరికంటే పెద్దది. తోడు ఆవిడ దగ్గరే ఉంటుంది. వంతు వచ్చినవాళ్ళు ఆవిడ దగ్గర చెంచాడు పట్టుకెళ్ళి, మర్నాడు చెంచాడు తిరిగి ఇస్తారు. చీమకుర్తిలో వాళ్ళ అవ్వ కుండ నుంచి ఎన్నడూ తెగకుండా వచ్చిన తోడట అది.

"చెప్పు అమ్మాయ్. మా గిన్నెలు తీసేస్తే గాలి బాగా వచ్చుద్దా?"

"గిన్నె ఒక్కటే కాదు పెద్దమ్మా. పలక తియ్యాలి, కిందున్న రెక్కల ముక్క తియ్యాలి. రాగిది పెట్టి దాని మీద ఫ్యాన్ పెట్టాలి. అప్పుడు చిప్పు చల్లగా ఉంటది."

"చల్లగా ఉంటే తోడుకోదు గదా."

"తోడుకోదు."

"నాలుగు వంతులు తప్పితే తోడు చచ్చిపోద్ది. మళ్ళా ఎవరిస్తారు మనకి? ఓడలో వచ్చుద్దా?"

కిందటిసారి రావాల్సిన ఓడే ఇంకా రాలేదు.

మీరావలి మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. దిగువ బెంచీ పని చూసేది ఆయనే. నాకంటే చిన్నవాడు, అక్కా అని పిలుస్తాడు. బోర్డు గురించి అంతో ఇంతో తెలిసినవాడు నా తర్వాత ఆయనొక్కడే.

"అక్కా, పెరుగు సంగతి అట్టా ఉంచు. ఆ ముక్కని చిప్పుకి జిగురుతో అంటిచ్చారు. స్క్రూలు లేవు. పీకితే చిప్పు కూడా లేచి వచ్చిందనుకో, ఏం చేస్తావు?"

"పీకను. బోర్డుని బయటి తలుపు దగ్గర చలిలో పెడతా. జిగురు పెళుసెక్కుద్ది. అప్పుడు మెల్లగా తిప్పితే ఊడి వచ్చుద్ది."

"ఎప్పుడన్నా ఊడదీశావా?"

"లేదు."

"రాగి దిమ్మె బరువు. బిగిచ్చేటప్పుడు కాస్త పక్కకి ఒరిగినా చిప్పు మూల చిట్లుద్ది. ఇంకో బోర్డు ఉందా మనకి?"

"లేదు."

"మరి నడిచేదాన్ని కెలకడం ఎందుకు?"

"నడవట్లా మీరావలీ. నిన్న ఆగింది. మీరు దిగువనే ఉన్నారు గదా."

"ఒకసారి ఆగింది. ఎందుకు ఆగిందో నీకే తెలవదు. తెలవకుండా చెయ్యి పెట్టొద్దంటన్నా."

ఇంత నిదానంగా, ఇంత సబబుగా మాట్లాడిన మనిషి చేతిలో మజ్జిగ గ్లాసు ఉంది. మీసానికి తెల్లగా అంటుకుని ఉంది. అది చూస్తుంటే ఆయన చెప్పిన ప్రతి మాటా నాకు అసహ్యంగానే వినిపించింది.

"నీకు పెరుగు పడదు," అంది పిచ్చమ్మ పెద్దమ్మ. "అది నీ తప్పు కాదు. ఒక్క మాట చెప్పు. నీ నాలికకి అది రుచైతే ఇయ్యాల ఇట్టా మీటింగు పెట్టేదానివా?"

అందరూ నా వైపు చూశారు. ఆ చూపుల్లో వాళ్ళ జవాబు ముందే ఉంది.

"నా నాలిక సంగతి కాదు పెద్దమ్మా. నా కూతురు దిగువన ఉంటది."

అప్పుడు ఎస్తేరు లేచింది. నా వైపు చూడలేదు. అన్నం టిఫిన్ డబ్బా మూతను వేళ్ళతో తిప్పుతూ నిలబడింది.

"వద్దులే అమ్మా. ఉన్నదాన్ని ఉండనీ."

"ఊపిరాడకపోతే?"

"ఆడుద్దిలే."

చేతులెత్తమంటే నాకోసం ఎత్తింది నేనొక్కదాన్నే. చివరికి ఏం తీర్మానించారయ్యా అంటే, ఇకపై పలక మీద చిన్న గిన్నె పెట్టాలట. చిప్‌సెట్‌కి బరువు తగ్గుతుందట. ఆ ముక్క వినగానే నేను లేచి వచ్చేశాను. ఊపిరి కంటే పెరుగు ఎక్కువైన ఊరు ఇది. నా కడుపున పుట్టింది కూడా వాళ్ళ వైపే నిలబడింది. ఇంటికి వచ్చి చాలాసేపు చేతులు కడుక్కున్నాను, ఎవర్నీ ముట్టుకోకపోయినా.

చినకోటయ్య వంతు రోజు

మళ్ళీ ఆగింది. ఈసారి స్విచ్ ఆపి వేసినా లేవలేదు. లేవబోయి, వేడి చూసుకుని, మళ్ళీ పడిపోతోంది.

చినకోటయ్య గిన్నె పలక మీద కూర్చుని ఉంది, చిన్న గిన్నె, తీర్మానం ప్రకారం. దాన్ని రెండు చేతులా ఎత్తి వసారాలోకి విసిరేశాను. సగం నా కాళ్ళ మీదే పడింది. వెచ్చగా, జిగటగా, వేళ్ళ మధ్యలోకి. ఒళ్ళంతా గగుర్పొడిచింది. పలక కూడా లాగేసి, పుస్తకం అట్టతో రెక్కల మీద విసురుతూ కూర్చున్నాను. పొయ్యి విసిరినట్టు విసిరాను. దిగువన నా బిడ్డ ఉంది, నేను ఇక్కడ అట్ట విసురుతున్నాను, ఇంతకంటే చెయ్యగలిగింది ఏదీ లేదు.

బోర్డు లేచి మోటార్లు అందుకునేసరికి క్వారీ మూతి దగ్గర కేకలు వినిపించాయి. పరుగెత్తాను. నిచ్చెన మీద ముందు ఒక కుర్రాడు వచ్చాడు, తర్వాత మీరావలి. ఆయన పైనుంచి తాడు లాగుతున్నాడు. తాడు చివర చినకోటయ్య. బూడిద రంగు ముఖం, తల వేలాడిపోతోంది. కింద నుంచి అతణ్ణి భుజంతో నెడుతూ ఎస్తేరు వచ్చింది, అందరికంటే చివర. పెదవులు నీలంగా ఉన్నాయి. ఏదో చెప్పబోయి కూలబడింది.

చినకోటయ్య బతికాడు. మాస్కు పెట్టి గాలి ఎక్కిస్తే కళ్ళు తెరిచి, ముందు అడిగింది గిన్నె గురించే. ఆ మాట విన్నప్పుడు అతణ్ణి మళ్ళీ కిందికి తోసెయ్యాలనిపించింది. నిజంగానే అనిపించింది, దాచుకోవడం దేనికి.

మీరావలి నా దగ్గరకు వచ్చాడు. దుమ్ములో ముఖం కనపడడం లేదు, కళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"రేపు క్వారీ మూస్తన్నా అక్కా. బోర్డు ఆపేసి ఆ రాగిది బిగిచ్చు. పోతే పోయింది. ఇట్టా ఐతే దినామూ పోయేట్టున్నాం."

"రేపేనా?" అంది ఎస్తేరు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుని ఉంది.

"రేపే."

"నేను ముందుగా పొయ్యి బోర్డు గది సర్దిపెడతాలే అమ్మా. నీకు ఆ వాసన పడదు గదా."

"నువ్వు లేచావంటే కాళ్ళు విరగ్గొడతా. పడుకో."

ఇంటికి తీసుకువచ్చి పడుకోబెట్టి, తలుపుకు అడ్డంగా నేను కూర్చున్నాను. తను రెండుసార్లు లేవబోయింది, రెండుసార్లూ పడుకోమన్నాను. పాపం, అమ్మకు సాయం చేద్దామనే కదా అని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

ఎవరి వంతూ కాని రోజు

బోర్డు ఆపేశాం. ఇలాంటి రోజు ఇంతకు ముందు లేదు. అందరూ దుప్పట్లు కప్పుకుని మెస్‌లో చేరారు. ఉన్న గాలి మా పని అయ్యేదాకా సరిపోతుంది, అంతే. మీరావలి బయటి తలుపు దగ్గర కాపు కాస్తున్నాడు, బోర్డు తెచ్చి ఇస్తే చలిలో పెట్టడానికి.

వెనక స్క్రూలు విప్పాలంటే అల్మరా జరపాలి. కొంగు ముక్కుకు చుట్టి, పళ్ళు బిగించి జరిపాను.

వెనక సందులో, వేడిగాలి ఫ్యాన్ జాలీకి ఎదురుగా, నొక్కిపెట్టినట్టు ఒక టిఫిన్ డబ్బా ఉంది. దాని చుట్టూ బొంత గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ అంచు జాలీలోకి దూరి బూజు పట్టి, ఆకుపచ్చగా, నల్లగా, పాలు ఎండి అట్టలు కట్టి ఉంది. దాని మీద కారిన పాలు గోడ మీదికి కూడా పాకాయి. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది ఇన్నాళ్ళూ. నేను విన్న చప్పుడు నిజమే. గాలి పోవడానికి దారి లేదు, అంతే.

ముందు వాంతి వచ్చింది. ఆపుకున్నాను. తర్వాత వచ్చింది సంతోషం. దొరికారు దొంగలు, ఈ గుడ్డ తీసుకెళ్ళి మెస్ మధ్యలో విసిరికొట్టి, చూడండి మీ పెరుగు పిచ్చి అని అరవాలనుకున్నాను. రెండు వేళ్ళతో గుడ్డ విప్పాను. దాని మీద నీలం దారంతో కుట్టు ఉంది, వంకర కుట్టు. ఆ కుట్టు నాది. ఎస్తేరు పుట్టినప్పుడు చుట్టడానికి నేను కుట్టిన బొంత అది.

తనను పిలిపించాను. గుమ్మంలో నిలబడి, జరిపిన అల్మరాను, నా చేతిలో టిఫిన్‌ను చూసింది. ఇది నీదేనా అని అడగాల్సిన పని లేకపోయింది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"దిగువకి మార్చినప్పటి నుంచి."

"ఎందుకే?"

"కింద పని ఆపి టిఫిన్లు తీస్తే అందరివీ పెరుగన్నాలు. నాది కారప్పొడి అన్నం. గొంతు నిండా దుమ్ము, దిగదు. కోటయ్య బాబాయి దినామూ తనది సగం పెట్టేవాడు. ఎన్నాళ్ళు తినను ఒకళ్ళ దాంట్లో? ఆయన పెట్టిందాంట్లోనే చెంచాడు దాచి తోడేసుకున్నా."

"నాతో చెప్పొచ్చు గదా."

"నీతోనా?" అంది. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోయినట్టు. "చిన్నప్పుడు ఎవరింట్లోనో తినొస్తే నోరు వాసనొస్తందని రెండు దినాలు నన్ను పక్కలోకి రానియ్యలా నువ్వు."

నాకు ఆ సంగతి గుర్తే లేదు.

"ఇది ఫ్యాన్‌కి అడ్డమని తెలవదా?"

"వెచ్చటి గాలి వస్తంది గదా అని పెట్టా. చుట్టుపక్కల నుంచి పోతదిలే అనుకున్నా. మొన్న బోర్డు ఆగినప్పుడు కూడా తెలవలా. నిన్న బాబాయిని నెట్టుకొస్తుంటే తట్టింది. తీసేద్దామని లేస్తే నువ్వు తలుపుకి అడ్డం కూర్చున్నావు." ముఖం తుడుచుకుంది. "పొయ్యి చెప్పేస్తా అమ్మా. నన్ను ఏం చేస్తే అది చెయ్యనీ."

బయటి నుంచి మీరావలి కేకేశాడు. "అక్కా, తలుపు తియ్యనా? బోర్డు తెస్తన్నావా?"

ఉండు అన్నాను.

రాగి దిమ్మె నా ఒళ్ళో ఉంది, ఎగువ గది నుంచి తెచ్చి శుభ్రంగా తుడిచి పెట్టుకున్నది. దాన్ని బిగించేస్తే చాలు. ఇక ఎన్నటికీ దాని మీద గిన్నె ఎక్కదు. ఈ కంపు నా జన్మలో ఉండదు. టిఫిన్ నా సంచిలోకి పోతుంది, గుడ్డ పొయ్యిలోకి పోతుంది, ఎస్తేరు పేరు ఎవరి నోటా రాదు. సలోమి చెప్పిందే నిజమైందని ఊరంతా ఒప్పుకుంటుంది. నేను కోరుకున్నవన్నీ ఒక్క తిప్పుకు అవతల ఉన్నాయి.

కానీ జబ్బు చిప్‌సెట్‌ది కాదని ఇప్పుడు నాకు తెలుసు. దారి వదిలితే ఆ అగ్గిపెట్టెంత ముక్కే సరిపోతుంది, ఇన్నేళ్ళూ సరిపోయినట్టే. అవసరం లేకుండా దాన్ని మెలితిప్పి, చిప్పు మూల చిట్లిందంటే మెస్‌లో దుప్పట్లు కప్పుకున్న వాళ్ళందరి ఊపిరీ నా చేతుల్లో పోతుంది. ఎస్తేరుది కూడా. మీసానికి మజ్జిగ అంటుకున్నవాడు చెప్పినా సబబు సబబే.

రాగి దిమ్మెను పక్కన పెట్టాను. జాలీ తుడిచాను, నా చేతులతో, గోళ్ళతో గీకి మరీ. అల్మరా నెట్టి బోర్డు లేపాను. మోటార్లు అందుకున్నాయి. చిప్‌సెట్ వేడి ఎక్కి ఎక్కి ఒకచోట ఆగింది, తర్వాత మెల్లగా దిగడం మొదలుపెట్టింది. దాని మీద నల్లరాయి పలకను నేనే పెట్టి చూశాను. అప్పుడూ నిలకడగానే ఉంది.

టిఫిన్ పట్టుకుని మెస్‌లోకి వెళ్ళాను. ఎస్తేరు నా వెనకే వచ్చింది.

"ఇది ఫ్యాన్‌కి అడ్డంగా ఉంది. అందుకే ఆగింది. రాగిది బిగించే పని లేదు," అన్నాను. "టిఫిన్ నాది."

ఎవరూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు?

"నీకు పెరుగు పడదు గదా వదినా," అన్నాడు చినకోటయ్య దుప్పట్లోంచి. అతని గొంతు ఇంకా బొంగురుగా ఉంది.

"పడదని చెప్పుకున్నా. చాటున తింటన్నా. సిగ్గేసి వంతు అడగలా."

"అమ్మా," అంది ఎస్తేరు.

"నువ్వు నోరు ముయ్యి."

పిచ్చమ్మ పెద్దమ్మ నన్ను చూసింది, ఎస్తేరును చూసింది, మళ్ళీ నన్ను చూసింది. "నీదా? ఐతే తిను," అంది.

చెంచా ఎవరో ఇచ్చారు. మూత తీశాను. ఫ్యాన్ వేడికి గట్టిగా తోడుకుంది, పైన పసుపుపచ్చటి మీగడ. చెంచా దిగినప్పుడు అది తెగిన తీరుకే నా వెన్ను వణికింది. నోట్లో పెట్టుకున్నాను. నాలుక మీద జారింది, చల్లగా, పుల్లగా, ప్రాణమున్నదానిలా. మింగాను. మళ్ళీ పెట్టుకున్నాను. కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోతున్నాయి, ముక్కు కారుతోంది, గొంతు వద్దంటోంది. ఊరంతా చూస్తోంది. మూడో చెంచాకు కడుపు పైకి వచ్చింది, పళ్ళు బిగించి కిందికి పంపాను. ఈ లోకంలో ఇంతకంటే రోతైనది లేదు. అడుగు కనపడేదాకా తిన్నాను.

పిచ్చమ్మ పెద్దమ్మ నా చేతిలోంచి టిఫిన్ తీసుకుని, అంచును వేలితో తుడిచి నాలిక మీద పెట్టుకుంది. "మా తోడే," అంది. టిఫిన్ మళ్ళీ నా చేతిలో పెట్టింది. "నీదేలే అమ్మాయ్. నీదే."

చినకోటయ్య ఎస్తేరు వైపు చూశాడు. "అడిగుంటే సరిపొయ్యేది గదా వదినా," అన్నాడు నాతో.

గది తాళం మీరావలికి ఇచ్చేశాను, ఆయన అడగకముందే. ఊరి పెరుగు గిన్నెలన్నీ ఇక నేను కడగాలని తేల్చారు. నిండు ప్రాణం పోబోయినందుకు అది చిన్న శిక్ష అన్నారు కొందరు. వాళ్ళకేం తెలుసు. పిచ్చమ్మ పెద్దమ్మ మాత్రం ఇంకో మాట అంది. "వీళ్ళకి వంతు ఇయ్యండి. లేపోతే మళ్ళా ఏదో ఒక సందులో పెడతారు."

మా వంతు రోజు

బోర్డు మళ్ళీ ఆగలేదు. మీరావలి రోజూ అల్మరా వెనక్కి వెళ్ళి, జాలీ ముందు చెయ్యి పెట్టి గాలి చూసి వస్తాడు. నాలా తలుపు దగ్గర నిలబడి వినడు. రాగి దిమ్మె ఎగువ బెంచీ గదిలో పెట్టేశాం. "ఎప్పటికైనా బిగిద్దామా అక్కా?" అని అడిగాడు. వద్దన్నాను. వెనక సందు ఖాళీగా ఉంచితే చాలు.

గిన్నెలు కడగడం గురించి రాయను. రాస్తే తిన్నది ఉండదు.

చినకోటయ్య పనిలోకి దిగాడు. ఎస్తేరు కూడా దిగింది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదో రోజు అన్నం ముందు కూర్చుని అడిగింది.

"అబద్ధం ఎందుకు చెప్పావు?"

"ఏది అబద్ధం? బొంత నేను కుట్టింది. వంతు వద్దన్నది నేను. వెనక్కి పొయ్యి చూడనిది నేను. టిఫిన్ ఒక్కటేగా నీది."

"తినాల్సిన పని లేదు గదా."

"ఉంది."

తను లేచి వెళ్ళి నా చెంబు నీళ్ళతో నింపి తెచ్చి పక్కన పెట్టింది.

నిన్న పిచ్చమ్మ పెద్దమ్మ దగ్గర చెంచాడు తోడు తెచ్చుకున్నాం. పాలు కలిపింది ఎస్తేరు, గిన్నె మోసుకెళ్ళి నల్లరాయి మీద పెట్టింది నేను. ఇవాళ తెచ్చి చూస్తే చక్కగా తోడుకుని ఉంది. తను దిగువకు వెళ్ళే వేళ అవుతోంది. అన్నంలో పెరుగు వేసి, ఉప్పు వేసి, చేత్తోనే కలిపాను, గరిటెతో కలిపితే బాగుండదని తను చెప్పింది కాబట్టి. వేళ్ళ సందుల్లోంచి అది బయటికి వస్తుంటే గోడ వైపు చూశాను. టిఫిన్ నింపి, అంచు తుడిచి, ముక్కు మూసుకుని మూత బిగించాను.